కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం పూర్తి చేసిన పనులు, సగంలో ఉన్నవి, ఇంకా మొదలే కానివి ఇందులో ఉన్నాయి. జనవరి 26తో మున్సిపల్ పాలకవర్గం ఐదేళ్ల గడువు ముగిసింది. తెలంగాణలోని చాలా పట్టణాల్లాగే మన దగ్గరా ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. అంతకుముందు కౌన్సిలర్‌కు ఫోన్ చేస్తే కదిలే పనికి ఇప్పుడు దరఖాస్తు రాసి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని, వార్డు ఆఫీసర్ వెంట పడాల్సి వస్తోంది. కష్టమే కానీ, ఫోన్లో అన్న మాటకు ఆధారం ఉండదు, ఇన్‌వర్డ్ నంబరుకు ఉంటుంది.

భూ వినియోగ మార్పు

ఈ ఏడాది కమిటీ సమయం ఎక్కువగా తిన్నది ఈ ఒక్క అంశమే. కాలనీ చివర మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ జోన్‌గా ఉన్న భూమిని కమర్షియల్‌గా మార్చాలని యజమానులు దరఖాస్తు పెట్టారు. అక్కడ ఫంక్షన్ హాల్ కట్టాలని వారి ఉద్దేశం. దానికి దారి మన 30 అడుగుల రోడ్డు ఒక్కటే.

"ఆ భూమికి నాలా కన్వర్షన్ ఎప్పుడో అయిపోయింది కదా, ఇక అడ్డేముంది?" అని చాలామంది సభ్యులు అడిగారు. ఇవి రెండూ వేరు. నాలా కన్వర్షన్ రెవెన్యూ శాఖ పని. భూమి విలువను బట్టి రుసుము కడితే, సాగు భూమి వ్యవసాయేతరమని తహసీల్దార్ కార్యాలయం ఉత్తర్వు ఇస్తుంది. దాంతో మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారదు. జోన్ మార్చే అధికారం ప్రభుత్వానిది. దరఖాస్తు ముందు మున్సిపాలిటీకి వస్తుంది. కౌన్సిల్ తీర్మానంతో టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ డైరెక్టర్ కార్యాలయానికి, అక్కడి నుంచి పురపాలక శాఖకు పోతుంది. పట్టణ ప్రణాళిక చట్టం 12వ సెక్షన్ కింద ముసాయిదా నోటిఫికేషన్ గెజిట్లో వేసి, సాధారణంగా 15 రోజుల్లోగా అభ్యంతరాలు చెప్పమంటారు. ఆ తర్వాతే, ఛార్జీలు కట్టించుకుని, తుది ఉత్తర్వు.

అడ్డుకునే వీలు రెండు చోట్లే ఉంది: కౌన్సిల్ తీర్మానం దగ్గర, గెజిట్ గడువులో. మొదటిది దాదాపు చేజారేది. మున్సిపల్ సర్వసభ్య సమావేశానికి ముందుగా కౌన్సిలర్లకు పంపిన ఎజెండాలో ఈ అంశం లేదు. సమావేశం రోజు టేబుల్ ఎజెండాగా వచ్చింది. ఇలాంటి ఫైళ్లు తరచూ అలాగే వస్తాయి. చదివే తీరిక ఎవరికీ ఉండదు, "ఆమోదించడమైనది" అని ఒక్క వాక్యంతో పని అయిపోతుంది. సమావేశంలో బయటివారు మాట్లాడటానికి వీల్లేదు కాబట్టి, మన వార్డు కౌన్సిలర్ చేతికి మన అభ్యంతరాలు రాసి ముందే ఇచ్చి ఉంచాం. అది మినిట్స్‌లో నమోదైంది. "రోడ్డు వెడల్పు పరిశీలించి మళ్లీ పెట్టాలి" అని అంశం వాయిదా పడింది.

అభ్యంతర పత్రం ఎలా రాయాలో ఇక్కడ చెప్పుకోవాలి. శబ్దం, ఇబ్బంది, పిల్లల చదువులు అని రాసి యాభై సంతకాలు పెట్టిస్తే ఆఫీసులో దాన్ని ఫైలుకు కుట్టి పక్కన పెడతారు. బరువున్నవి కొలతలు. మేం పెట్టినవి: మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబర్ల భాగం జిరాక్సు, ఆమోదించిన లేఅవుట్ ప్రతి, రోడ్డును టేపుతో కొలిచిన స్కెచ్, మురుగు కాలువ ఎక్కడ కలుస్తుందో చూపే గీత. స్కెచ్‌లో కాగితం మీది 30 అడుగులు నేల మీద కొన్నిచోట్ల 24 అడుగులకు మించలేదు. మిగతా అడుగులు పోయింది ఎక్కడికో కాదు, మన ఇళ్ల ర్యాంపుల కిందికి, మెట్ల కిందికి, గేటు ముందు తవ్విన సంపుల మీదికి. అవతలి పక్షం రేపు ఇదే ఎత్తి చూపుతుంది. రోడ్డు మీదికి వచ్చిన ర్యాంపులను ఎవరికి వారే తగ్గించుకోవాలని కమిటీ మరోసారి కోరుతోంది.

ఫైలు ఇంకా మూసేయలేదు. పాలకవర్గం లేదు కాబట్టి ఇప్పుడు అది ప్రత్యేకాధికారి సంతకంతోనే పైకి పోవచ్చు. ఎజెండా, సమావేశం ఏవీ ఉండవు, మనకు తెలిసే దారి గెజిట్, పత్రికా ప్రకటనలే. రోజూ చూసే బాధ్యత ఇద్దరు సభ్యులకు అప్పగించాం. ప్రకటన వస్తే అందులో ఇచ్చిన చిరునామాకే రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. మున్సిపల్ ఆఫీసులో ఇస్తే పైకి చేరేలోపు గడువు దాటిపోతుంది.

పార్కు స్థలం

మన లేఅవుట్ ఈ ఊరు గ్రామ పంచాయతీగా ఉన్నప్పటిది. లేఅవుట్ నిబంధన ప్రకారం 10 శాతం ఖాళీ స్థలం ప్రజావసరాలకు వదలాలి, స్థానిక సంస్థ పేర గిఫ్ట్ డీడ్ (దాన పత్రం) రిజిస్టర్ చేయాలి. మ్యాపులో "పార్క్" అని రాసి ఉంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికిస్తే గిఫ్ట్ డీడ్ మాత్రం లేదు. ఆ సర్వే నంబరుకు ఈసీ (రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీస్తే పార్కు మూలలో రెండు ప్లాట్లు అమ్మినట్టు బయటపడింది. గిఫ్ట్ డీడ్ లేకపోతే రికార్డుల్లో యజమాని పేరు పాత పట్టాదారుదే ఉంటుంది. ఆయన వారసులు అమ్మజూపితే కొనేవాడికి ఈసీలో అనుమానం రాదు, రిజిస్ట్రేషన్ ఆగదు. ఇలా పార్కులు పోయిన కాలనీలు చాలా ఉన్నాయి.

సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడిగి, పేజీకి 2 రూపాయల చొప్పున లేఅవుట్ ఫైలు ప్రతులు తీసుకున్నాం. మొదటి జవాబు "రికార్డు లభ్యం కాలేదు" అని వచ్చింది. 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేశాక పంచాయతీ నుంచి బదిలీ అయిన కట్టల్లో దొరికింది. అడిగేటప్పుడు "పార్కు వివరాలు ఇవ్వండి" అని కాకుండా, "సర్వే నంబరు ఫలానాలోని లేఅవుట్ ఆమోద ఉత్తర్వు, దానికి జతచేసిన ప్లాను, షరతుల పత్రం ధ్రువీకృత ప్రతులు" అని అడగాలి. ప్రశ్నలు వేస్తే తప్పించుకుంటారు, కాగితం పేరు చెబితే తప్పించుకోవడం కష్టం.

ఆ ప్రతులతో కమిషనర్‌కు రెండు విన్నపాలు పెట్టాం. ఒకటి, ఆ స్థలాన్ని రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో చేర్చమని సబ్‌రిజిస్ట్రార్‌కు రాయాలని. రెండు, మున్సిపల్ బోర్డు పెట్టాలని. బోర్డు పెట్టారు. 22-ఏ లేఖ సబ్‌రిజిస్ట్రార్‌కు వెళ్లింది, జాబితాలో ఎక్కిందో లేదో ఈ నెలలో మళ్లీ ఈసీ తీసి చూడాలి. రెండు ప్లాట్ల రిజిస్ట్రేషన్ రద్దు సివిల్ కోర్టులోనే తేలాలి. మున్సిపాలిటీ వాది కాకుండా సంఘం ఒక్కటే పోతే బలం తక్కువని న్యాయవాది అభిప్రాయం.

కంచె విషయం. మన నేల నల్లరేగడి. కాంక్రీటు వేయకుండా కడీలు (కంచె స్తంభాలు) పాతితే వానకు నేల ఉబ్బి, ఎండకు పగిలి, ఏడాదిలో కంచె వాలిపోతుంది. అందుకే 8 అడుగులకొక కడీ, గుంత రెండడుగులు, అడుగున మొరం, చుట్టూ కాంక్రీటు, మూలల్లో వాలు కడీలు పెట్టించాం. ఇంకా ఒక వైపు మిగిలి ఉంది.

ఎల్‌ఆర్‌ఎస్

ఎల్‌ఆర్‌ఎస్ అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం. 2020 ఆగస్టు 31న వచ్చిన జీఓ (ప్రభుత్వ ఉత్తర్వు) 131 కింద 1,000 రూపాయలు కట్టి దరఖాస్తు చేసినవారివి ఏళ్ల తరబడి కదల్లేదు. ఈ ఫిబ్రవరిలో ప్రభుత్వం 25 శాతం రాయితీ ప్రకటించాక ఒక్కసారిగా కదలిక వచ్చింది. మార్చి 31తో ముగియాల్సిన గడువును ఏప్రిల్ నెలాఖరు వరకు పొడిగించారు.

ఎంత పడుతుందని అందరూ అడుగుతున్నారు. భారం ఎక్కువగా ఉండేది ఖాళీ స్థలం ఛార్జీల్లో. లేఅవుట్లో 10 శాతం వదలకపోతే ప్లాటు రిజిస్ట్రేషన్ నాటి మార్కెట్ విలువలో 14 శాతం కట్టాలి. 200 గజాల ప్లాటు, అప్పటి విలువ గజం 1,500 అనుకుంటే మొత్తం 3 లక్షలు, 14 శాతం అంటే 42,000. రాయితీ పోగా 31,500. క్రమబద్ధీకరణ ఛార్జీ దీనికి అదనం. మన లేఅవుట్లో పార్కు చూపించి ఉంది కాబట్టి ఈ 14 శాతం పడకూడదని వాదించాం. గిఫ్ట్ డీడ్ ఏదని టౌన్ ప్లానింగ్ విభాగం అడిగింది. పార్కు గొడవ మన జేబుకు తగిలేది ఇక్కడే.

దరఖాస్తులు ఆగిపోయే కారణాలు మూడు నాలుగే. లింకు డాక్యుమెంటు (అంతకుముందు అమ్మకపు దస్తావేజు) లేకపోవడం, దస్తావేజులో సర్వే నంబరుకు బై నంబరు (ఉపవిభాగం సంఖ్య) లేకుండా ఉండటం, ఆధార్‌లో పేరు ఒక తీరు దస్తావేజులో మరో తీరు ఉండటం. ఇవి మనం సరిచేసుకోగలిగినవి. నాలుగోది కుంటకు దగ్గరగా ఉన్న వరుస ప్లాట్లది: వాటికి నీటిపారుదల, రెవెన్యూ శాఖల పరిశీలన అయ్యేదాకా ఫీజు లెటరే రాదు. ఎఫ్‌టీఎల్ (కుంట నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) లోపల పడితే ఎంత కట్టినా క్రమబద్ధం కాదు. అలాంటివారు మధ్యవర్తులకు డబ్బులివ్వొద్దు.

కుంట, కాలువ

జీఓ 168 ప్రకారం 10 హెక్టార్ల లోపు కుంటకు ఎఫ్‌టీఎల్ నుంచి 9 మీటర్లు, అంతకు పైబడిన చెరువుకు 30 మీటర్లు బఫర్ (కట్టడాలు లేని ఖాళీ జాగా) వదలాలి. 10 మీటర్ల లోపు వెడల్పున్న కాలువకు 2 మీటర్లు. మన కుంట చిన్నది, 9 మీటర్ల లెక్కే. చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రాకు ఫిర్యాదు చేయమని పలువురు సూచించారు. దాని పరిధి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వరకే, మన పట్టణానికి వర్తించదు. మనకు దారి కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణి, నీటిపారుదల శాఖ ఏఈ ఆఫీసు.

వానకు మూడో వీధిలో నీళ్లు నిలవడానికి కారణం కుంట కాదు, కాలువ మీది కల్వర్టులు. ఎవరి గేటు ముందు వారు తోచిన పైపు వేసుకున్నారు. పైన 600 మిల్లీమీటర్ల పైపు ఉండి కింద ఒక్కచోట 300 ఉంటే, కాలువ మొత్తానికి 300 ఉన్నట్టే. వ్యాసం సగమైతే నీళ్లు పోయే దారి నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు చోట్ల పాత పైపులు తీసి 600 మిల్లీమీటర్ల ఎన్‌పీ3 రకం హ్యూమ్ (సిమెంటు కాంక్రీటు) పైపులు వేయించాం, ఇంకొకటి ఉంది. పూడిక తీసిన మట్టిని గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే లోపలికి దిగుతుంది. ఈసారి ట్రాక్టర్ ఉంటేనే జేసీబీని పిలవాలని నిర్ణయించాం.

కొత్త కట్టడాలు

75 గజాల వరకు, 7 మీటర్ల ఎత్తు మించని ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు. 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. మన 200 గజాల ప్లాట్లకు ముందు 1.5 మీటర్లు, మిగతా వైపులా మీటరు వదలాలి. కాగితం మీద అందరూ వదులుతున్నారు. నేల మీద వెనక వైపు మీటరు బాత్రూంలోకి పోతోంది. పక్కింటివారు ఫిర్యాదు చేసేది స్లాబు పడ్డాక, అప్పటికి ఎవరూ కదలరు. ప్లింత్ బీమ్ (పునాది మీది దూలం) దశలోనే తేదీతో ఫొటో తీసి అనుమతి నంబరు జతచేసి ఇస్తే టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ (టీపీఓ) వచ్చి చూస్తున్నారు. స్వీయ ధ్రువీకరణ అబద్ధమని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం 2019 మున్సిపల్ చట్టం ఇచ్చింది. ఆస్తి పన్ను రసీదు ఉంది కాబట్టి ఇల్లు సక్రమమేనన్న మాట చెల్లదు. పన్ను ఎలాంటి కట్టడానికైనా వేస్తారు.

మిగతావి క్లుప్తంగా. వీధి దీపాల మరమ్మతులు సకాలంలో జరిగాయి. వీధి కుక్కలను దూరంగా వదిలిరమ్మని అడుగుతున్నారు. 2023 నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలాలి. జమాఖర్చుల పట్టిక ఆఫీసు గోడకు అంటించాం. మన సంఘం సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కొత్త కమిటీ జాబితాను సొసైటీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి కాబట్టి ఎన్నికైనవారు ఆధార్ జిరాక్సు అదే రోజు ఇవ్వాలి. ఆస్తి పన్ను ఏడాదికి ఒకేసారి కట్టేవారికి 5 శాతం రాయితీ కూడా ఏప్రిల్ 30 వరకే. ఎల్‌ఆర్‌ఎస్ సాయం కావలసినవారు సమావేశానికి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, దరఖాస్తు నంబరు, ఓటీపీ వచ్చే ఫోను తెచ్చుకోండి. ఫోను మర్చిపోతే ఆ రోజు పని కాదు.

కార్యవర్గం