ఆర్మీ డిస్పోజల్ బండ్లకు అడ్వాన్సు ఇచ్చినవారికి

మా వర్క్‌షాపులో ఆర్మీ డిస్పోజల్ మారుతీ జిప్సీలకు అడ్వాన్సు కట్టి సంక్రాంతికి బండి చేతికి వస్తుందని ఎదురుచూసిన ముగ్గురికీ, జోంగా అనే పాత సైనిక జీపు కోసం పేరు రాయించుకున్నవారికీ ఈ ఆలస్యానికి కారణం దాచకుండా చెప్పవలసి ఉంది. తప్పులో ఎక్కువ భాగం మాదే.

సైన్యం వాడి పక్కనపెట్టిన వాహనాలను లాట్లుగా కట్టి ఈ-వేలంలో అమ్ముతారు. ఉన్నచోట, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుపోవాలన్నది షరతు కాబట్టి, తీరా ఇంజను పట్టేసి ఉన్నా, గేర్‌బాక్సులో సగం పళ్ళు లేకపోయినా ఎవరినీ అడగడానికి ఉండదు. దానికి మేము భయపడలేదు. జిప్సీలోని 1298 సీసీ పెట్రోలు ఇంజనునూ, లీఫ్ స్ప్రింగులనూ విప్పి బిగించడం మా మెకానిక్కులకు నిత్యకృత్యమే. మేము దెబ్బతిన్నది కాగితాల దగ్గర.

సైనిక వాహనానికి మామూలు ఆర్టీవో నంబరు ఉండదు. మోటారు వాహనాల చట్టంలోని 60వ సెక్షను కింద దాని నమోదు వేరుగా జరుగుతుంది. నంబరు ప్లేటు మీద పైకి చూపే బాణం గుర్తు ఆ లెక్కదే. రక్షణ అవసరాల నుంచి తప్పించాక అది అందరి బండ్లలాంటిదే అవుతుంది కనుక కొత్తగా రిజిస్టరు చేయించుకోవాలి. అప్పుడు వేలం పత్రాల్లోని ఛాసిస్ నంబరూ, ఛాసిస్ (బండి చట్రం) మీద కొట్టిన నంబరూ పొల్లుపోకుండా కలవాలి. లాటు చూడటానికి వెళ్ళిన రోజున తుప్పు గీకి ఆ నంబరు చదవకుండా, బాడీ గట్టిగా ఉందన్న సంబరంలో నేనే పాట పెంచాను. మూడు బండ్లలో రెండింటికి ఒక్కొక్క అంకె తేడా వచ్చింది. ఆ దిద్దుబాటు ఎప్పటికి తేలుతుందో చెప్పలేను కాబట్టి, ఆ ఇద్దరి అడ్వాన్సూ ఈ నెలాఖరులోగా పూర్తిగా తిరిగి ఇచ్చేస్తాము.

జోంగా సంగతి ఇంకా కష్టం. జబల్‌పూర్ వాహన కర్మాగారంలో 1969లో మొదలైన దాని తయారీ 1999లో ఆగిపోయింది. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలను రిజిస్ట్రేషను పొడిగించకుండా స్క్రాప్ కేంద్రాలకు పంపాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. మినహాయింపు ఉక్కు కవచమున్న వాహనాల వంటి ప్రత్యేక వాహనాలకే. కనుక వేలం నుంచి జోంగా తెచ్చి రోడ్డెక్కిస్తామని ఇకపై ఎవరికీ మాట ఇవ్వము. ఇప్పటికే సివిల్ రిజిస్ట్రేషను ఉన్న జోంగాకు మరమ్మతు మాత్రం సంతోషంగా చేస్తాము. అందులోని నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను దాహం చూసి డీజిలు ఇంజను వేయమనేవారు ముందుగా ఆర్టీవో అనుమతి తెచ్చుకోవాలి.

రంగు గురించి ఎంత చెప్పినా మళ్ళీ అడుగుతున్నారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 121వ నియమం ప్రకారం రక్షణ శాఖవి కాని వాహనాలకు ఆలివ్ గ్రీన్ వేయడం నిషేధం. ఆ పచ్చదనం మీద మోజు నాకూ ఉంది, కానీ మా షెడ్డులో ఆ డబ్బా తెరవము.

నంబరు కలిసిన మూడో జిప్సీ ఇసుక రంగులో సిద్ధమవుతోంది. ముందుగా అడ్వాన్సు కట్టినవారికే అది చెందుతుంది. రిజిస్ట్రేషను కాగితం చేతికి వచ్చేదాకా వారి నుంచి మిగిలిన సొమ్ము తీసుకోము.