శబ్దం ఆపేసి ఆడి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

బడుల్లో ట్యాబ్‌ల మీద, పెద్ద తెరల మీద ఆడించే విద్యా సంబంధమైన వీడియో ఆటల గురించి తరచుగా మాట్లాడుకుంటున్నా, వినికిడి లేని హైస్కూలు పిల్లల ఊసు అందులో ఎక్కడా వినిపించకపోవడం వల్ల ఈ లేఖ రాస్తున్నాను. నేను నెల్లూరు జిల్లా కావలిలో ఉంటున్న విశ్రాంత గణితోపాధ్యాయుణ్ణి. రెండేళ్లుగా వారానికి రెండు మధ్యాహ్నాలు ఒక ఉన్నత పాఠశాలలో నలుగురు బధిర విద్యార్థులతో కూర్చుంటున్నాను. నాకు వచ్చిన కాస్త సైగల భాష వాళ్లు నేర్పిందే; నా వేళ్ల తిప్పలు చూసి ఇప్పటికీ నవ్వుతూనే ఉంటారు.

కిందటేడు ఆ తరగతిలో రసాయనశాస్త్రం ఆట ఒకటి ఆడించారు. తెర మీదికి నాలుగు సీసాలు వస్తాయి. నీలి లిట్మస్‌ను ఎర్రగా మార్చే ద్రావణాన్ని తాకమని లోపలి నుంచి ఒక గొంతు చెబుతుంది. సరిగ్గా తాకితే గంట మోగుతుంది. ఆ మాట అక్షరాల్లో ఎక్కడా కనబడదు. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు పక్కవాడి వేలు ఎటు పోతోందో ఓరగా చూస్తూ, ఒక్క క్షణం ఆలస్యంగా అదే సీసాను తాకుతూ పోయాడు. ఆట ముగిసేసరికి పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి, సారు వీపు తట్టారు. మర్నాడు నేను కాగితం మీద బొమ్మలు గీసి అడిగితే, ఆమ్లమేదో క్షారమేదో వాడికి తెలియనే తెలియదని బయటపడింది. ట్యాబ్ వేసిన మార్కులను ఎవరు మాత్రం అనుమానిస్తారు?

అలాగని ఇలాంటి ఆటలు వద్దని నేను అనడం లేదు. కళ్లతో చదువుకునే పిల్లలకు ఇంతకంటే అనువైన సాధనం మరొకటి ఉండదనే నా నమ్మకం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ఫెట్ అనే పథకం వారు ఉచితంగా ఇస్తున్న విద్యుత్ వలయాల నమూనాలో బ్యాటరీ, తీగలు, బల్బు పిల్లలే కలుపుకోవాలి. కలిపిన తీరును బట్టి బల్బు వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది, తీగలో ఎలక్ట్రాన్లు కదలడం కనిపిస్తుంది, తీగను నేరుగా బ్యాటరీ రెండు కొసలకూ తగిలిస్తే మంట లేస్తుంది. మా నలుగురూ మొదటి రోజంతా ఆ మంట రప్పించడమే పనిగా పెట్టుకున్నారు. రెండో రోజు, మంట ఎందుకు వస్తోందని ఒకమ్మాయి సైగ చేసి అడిగింది. అంతసేపూ ఆ ట్యాబ్‌లో శబ్దం లేదు, దాని లోటూ ఎవరికీ తెలియలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వినగలిగే పిల్లలు తెర చూస్తూనే సారు మాట వింటారు. బధిర విద్యార్థి సారు చేతులు చూస్తుంటే తెర చూడలేడు, తెర చూస్తుంటే చేతులు చూడలేడు. అందుచేత ఆట ఎక్కడికక్కడ ఆగాలి, సైగ ముగిశాక మళ్లీ నడవాలి. ఇరవై సెకన్ల గడియారం పెట్టి తరిమే ఆటలు వీళ్లకు శిక్షే. శబ్దం బదులు అక్షరాలు వేస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటు. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు తెలుగు చెవి ద్వారా ఒంటబట్టిన భాష కాదు. ‘గ్లాసులోకి’, ‘గ్లాసులోంచి’ అన్న మాటల మధ్య తేడా మనం ఎప్పుడు నేర్చుకున్నామో మనకే గుర్తుండదు, వాళ్లకు అది కష్టపడి నేర్చుకోవలసిన పాఠం. పొట్టి వాక్యాలతో పాటు సైగల వీడియో కూడా ఉండాలి. (చెవుడున్న పిల్లలు కదా అని పదిహేనేళ్లవాళ్ల చేతికి బాతుపిల్లలను లెక్కపెట్టే ఆట ఇవ్వడం కూడా చూశాను. ఆ పిల్లల ముఖాలు చూడలేకపోయాను.)

వినికిడి లేని విద్యార్థులకు వారికి తగిన భాషలో, తగిన పద్ధతిలో బోధించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. సైగలకు కరువూ లేదు. భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో విడుదల చేసిన నిఘంటువు మూడో కూర్పులో పదివేల పదాలున్నాయి; పాఠ్యపుస్తకాలను సైగల్లోకి తేవడానికి ఎన్‌సీఈఆర్‌టీ ఆ కేంద్రంతో 2020లోనే ఒప్పందం చేసుకుంది. వాటిని ఆటల్లోకి తెచ్చే పని మాత్రం చేయవలసి ఉంది.

బడి ట్యాబ్‌లలోకి ఏ ఆటనైనా ఎక్కించే ముందు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఈ పిల్లలతో రోజూ మెలిగే సహిత విద్యా ఉపాధ్యాయుల చేత దాన్ని పరీక్షింపజేయాలని నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యాశాఖాధికారులను కోరుతున్నాను. సైగలు తెలిసిన ఉపాధ్యాయుల ఖర్చు మిగుల్చుకోవడానికి ఆటలను సాకుగా వాడుకోవద్దని కూడా మనవి. పరీక్షకు ప్రత్యేక పరికరాలేవీ అక్కర్లేదు. శబ్దం పూర్తిగా తగ్గించి, ట్యాబ్‌ను ఒక బధిర విద్యార్థి చేతికిచ్చి, పక్కన ఇంకెవరినీ కూర్చోబెట్టకుండా ఆడించి చూస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా