బాబాయి గారికి ఉత్తరం: లక్షన్నర డీవీడీ ప్లేయరు సంగతి

సన్నీవేల్, కాలిఫోర్నియా
18 మే 2008

పూజ్యులైన బాబాయి గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేము నలుగురమూ క్షేమం. అక్కడ మీరు, పిన్ని కులాసాగా ఉన్నారని తలుస్తాను. తెనాలిలో ఎండలు మండిపోతున్నాయనీ, మధ్యాహ్నం కరెంటు కోత తప్పడం లేదనీ మొన్న అమ్మ ఫోన్లో చెప్పింది. మార్చిలో మీరు రాసిన ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించాలి. మీరు అడిగినది ఫోన్లో అవును, కాదు అని తేల్చేసే ప్రశ్న కాదు. ఆ యంత్రాన్ని ఇంట్లో పెట్టుకున్న వాళ్లను కలిసి, వీలైతే వాళ్ల ఇంట్లోనే కూర్చుని చూసి, ఆ తర్వాతే రాద్దామనుకున్నాను.

మీ షష్టిపూర్తికి తమ్ముడు డెనాన్ కంపెనీ డీవీడీ-5910 కొనిపెడతానంటున్నాడనీ, అంత డబ్బు పోసి కొనే పెట్టె నిజంగా అంత పని చేస్తుందో లేదో, వాడుతున్న వాళ్లు ఏమంటున్నారో కనుక్కోమనీ మీరు రాశారు. ఇది 2005లో ఇక్కడి మార్కెట్లోకి వచ్చినప్పుడు దీని ధర సుమారు 3,500 డాలర్లు; ఇప్పటి మారకం ప్రకారం లక్షన్నరకు కొంచెం తక్కువ. బరువు 19 కిలోల దాకా ఉంటుంది. బొమ్మను సరిదిద్దే పని కోసం ఇందులో సిలికాన్ ఆప్టిక్స్ వారి రియాల్టా అనే చిప్ పెట్టారు. అంతకుముందు టీవీ స్టూడియోల పరికరాలలో మాత్రమే ఉండే స్థాయి పనిని ఇళ్లలోకి తెచ్చిందని ఈ చిప్‌కు పేరు.

ఆ పని ఏమిటో మీకు చెప్పడం నాకు తేలిక, ఎందుకంటే మీరు ప్రొజెక్టర్ గదిలో ముప్ఫై ఏళ్లు నిలబడినవారు. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుందని మీరు నాకు చిన్నప్పుడే నేర్పారు. అమెరికా పద్ధతి టీవీ మాత్రం సెకనుకు దాదాపు 60 అర బొమ్మలు చూపిస్తుంది: ఒకసారి బేసి అడ్డగీతలు, మరొకసారి సరి అడ్డగీతలు. 24ను 60లో సర్దడానికి ఒక ఫ్రేమును రెండు అర బొమ్మలుగా, తర్వాతి ఫ్రేమును మూడు అర బొమ్మలుగా పంచుతారు. ఇప్పటి చదును టీవీలకు అర బొమ్మలు పనికిరావు, నిండు బొమ్మ కావాలి. అందుచేత ఏ సగం ఏ సగంతో జత కలవాలో ప్లేయరు గానీ టీవీ గానీ కనిపెట్టి అతకాలి. తప్పు సగాలను అతికితే, కదిలే మనిషి అంచుల మీద దువ్వెన పళ్లు లేచినట్టు కనిపిస్తుంది. రీళ్లు అతికేటప్పుడు జాయింటు ఒక రంధ్రం పక్కకు పడితే తెర మీద బొమ్మ ఎలా గెంతేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఖరీదైన ప్లేయరుకు ఇచ్చే డబ్బులో పెద్ద వాటా ఈ అతుకు సరిగ్గా పడటానికే.

ఇక యజమానుల మాటలకు వస్తాను. మొదటివారు ఫ్రీమాంట్‌లో ఉండే ఒక తెలుగు డాక్టరు గారు. ఆయన 5910ని వచ్చిన సంవత్సరమే కొన్నారు. ఇంట్లో ఒక గదికి నల్లరంగు వేయించి, 100 అంగుళాల తెర, ప్రొజెక్టరు పెట్టుకున్నారు. రెండు శనివారాలు ఆయన దగ్గర గడిపాను. ప్లేయర్లను పరీక్షించడానికి సిలికాన్ ఆప్టిక్స్ వారే తయారు చేసిన ఒక డిస్కు ఉంది; అందులో ఎగిరే జెండా చారల అంచులు మెట్లు మెట్లుగా విరుగుతాయా, ఖాళీ గ్యాలరీ ముందు నుంచి పందెం కారు దూసుకుపోతున్నప్పుడు కుర్చీల మీద అల్లిక చారలు పుడతాయా అని చూస్తారు. డాక్టరు గారి తెర మీద జెండా పట్టుబట్ట అంచులా నునుపుగా ఆడింది; కుర్చీలు కుర్చీలుగానే ఉన్నాయి. ఆ తర్వాత ఆయన ఒక హాలీవుడ్ డిస్కు పెట్టారు. బాబాయి, అబద్ధం చెప్పను, మన హాల్లో కొత్త ప్రింటు మొదటి వారం ఆట చూస్తున్నట్టే అనిపించింది.

అప్పుడు నేను వెంట తీసుకెళ్లిన పాత తెలుగు సినిమా డిస్కు పెట్టించాను. పది నిమిషాలకే ఆయన నవ్వుతూ రిమోటు పక్కన పెట్టేశారు. మన సినిమాలకు ఈ యంత్రం వాడటం పూరిగుడిసెకు ఇత్తడి తలుపు బిగించినట్టు ఉంటుందని ఆయన అన్నారు. మూడేళ్లుగా యజమానిగా ఉండి, తన డబ్బుతో కొన్న వస్తువు గురించి ఒక మనిషి అంత నిజాయితీగా మాట్లాడటం నాకు నచ్చింది.

ఎందుకు అలా అవుతుందో ఆ రాత్రి ఇంటికి వచ్చి నా దగ్గరున్న డిస్కులన్నీ తీసి చూశాను. మీ అల్మారాలో ఉన్నవీ ఇవే కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. మన డిస్కులు చాలా వాటికి ఫిల్ము నుంచి నేరుగా తీసిన నకలు ఆధారం కాదు. ఎప్పుడో టీవీ కోసం పాల్ అనే మన దేశపు టీవీ పద్ధతిలో తీసిన టేపు ఆధారం. దాన్ని అమెరికాలో అమ్మడానికి ఎన్‌టీఎస్‌సీ అనే ఇక్కడి టీవీ పద్ధతిలోకి మార్చినప్పుడు, పాల్‌లోని 25 ఫ్రేములు 60 అర బొమ్మల లెక్కకు సరిపోక, పక్కపక్క ఫ్రేములను ఒకదాని మీద ఒకటి కలిపేశారు. కథానాయిక చెయ్యి ఊపితే ఆ చేతి వెనక నీడలా మరో చెయ్యి కనిపిస్తుంది. ఒకసారి కలిసిపోయిన రెండు ఫ్రేములను రియాల్టా చిప్ కాదు కదా, ఆ పైవాడు కూడా విడదీయలేడు.

రెండో లోపం స్కోపు బొమ్మలది. తెలుగులో సినిమాస్కోప్ 1974లో వచ్చిందని మీరే చెప్పేవారు. స్కోపు ప్రింటులో బొమ్మను అడ్డంగా నొక్కి, మీ లెన్సుతో తెర మీద విప్పినట్టే, డీవీడీలో కూడా వెడల్పు బొమ్మను నొక్కి నింపే ఏర్పాటు ఉంది. అలా చేస్తే ఉన్న 480 అడ్డగీతలలో 360 పైచిలుకు బొమ్మకు దక్కుతాయి. మనవాళ్లు చాలా డిస్కుల్లో నొక్కకుండా, పైనా కిందా నల్ల పట్టీలు వదిలి అలాగే ఎక్కించారు. దాంతో బొమ్మకు మిగిలేవి 270 గీతలే. పెద్ద టీవీలో దాన్ని తెర నిండా లాగితే ఏమవుతుందో ఊహించుకోండి. ప్లేయరు పెట్టె మీద 1080 గీతలని బంగారు అక్షరాలతో రాసి ఉండవచ్చు గానీ, నేతి బీరకాయలో నెయ్యి ఎంతో ఆ 270 గీతల డిస్కులో 1080 అంతే.

మూడోది పిసినారితనం. ఒక పొర డిస్కులో 4.7 గిగాబైట్లు, రెండు పొరల డిస్కులో 8.5 గిగాబైట్లు పడతాయి. రెండు ముప్పావు గంటల మన సినిమాను ఒక పొర డిస్కులోనే కుక్కితే సెకనుకు 3.8 మెగాబిట్ల కన్నా ఎక్కువ దక్కవు. డీవీడీలో వీడియోకు 9.8 దాకా ఇచ్చే వీలుంది. మామూలు సంభాషణ దృశ్యాల్లో అది తెలియదు. వాన పాట వచ్చిందంటే మాత్రం తెర అంతా చిన్న చిన్న చదరాలైపోతుంది. మంచి ప్లేయరు ఆ చదరాల అంచులను కూడా శుభ్రంగా చూపిస్తుంది! కంపెనీ ముద్ర ఒకటి మూల నుంచి మూడు గంటలూ కదలదు, దాన్ని కూడా.

రెండో యజమాని మా వీధిలోని అమెరికన్ పెద్దాయన. ఆయన దగ్గరున్నదీ 5910నే, అయితే ఆయన సినిమాలు చూసేది తక్కువ. ఆ ప్లేయరు ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియో అనే, సీడీ కన్నా మేలైన పాటల డిస్కులను కూడా పాడుతుంది, ఆయన కొన్నది అందుకే. పియానో ఒకటి వినిపించారు. అద్భుతంగా ఉంది, కాదనను. అయితే మీరు వినేది ఘంటసాల గారి పద్యాలు. అవి ఆ కాలంలో ఒకే మైకు దారిన రికార్డయినవి, మీ దగ్గరున్న సీడీలో ఉన్నది రాబట్టడానికి లక్షన్నర యంత్రం అక్కర లేదని నా ఉద్దేశం. ఈ మాటకు ఆ పెద్దాయన ఒప్పుకోరు.

మూడో అభిప్రాయం మా ఆఫీసులో పనిచేసే ఒకాయనది. ఆయన ఏడేళ్ల కిందట పెద్ద ధరకు మరో కంపెనీ ప్లేయరు కొన్నారు, పేరెందుకు లెండి. కొన్న కొత్తలో అంతా బాగానే ఉందనుకున్నారట. ఒకరోజు వాళ్ల ఆవిడ, తెర మీద కుంకుమ బొట్టు అంచులు ఎందుకు చిరిగినట్టున్నాయని అడిగిందట. అప్పటి నుంచి ఆయనకు ఎర్ర చీర కనిపిస్తే చాలు, అంచుల వెంట అడ్డంగా చారలే కనిపించడం మొదలుపెట్టాయి. డీవీడీలో రంగును నలుపు తెలుపు బొమ్మలో సగం గీతలకే దాస్తారు. దాన్ని తిరిగి విప్పేటప్పుడు అర బొమ్మల లెక్క తప్పితే ఈ చారలు పుడతాయి. 2001 ప్రాంతంలో ఈ లోపం బయటపడినప్పుడు, చవక ప్లేయర్లలోనే కాదు, చాలా ఖరీదైన వాటిలోనూ ఉందని తేలింది. వేరే దేశాల సినిమాల్లో ఇంత ఎరుపు ఎప్పుడూ తెర మీద ఉండదు కాబట్టి వాళ్లకు అంతగా పట్టలేదేమో. పెళ్లి సీను లేని సినిమా లేని మనకు అది ప్రాణసంకటం. ఆయన అది అమ్మేసి ఇప్పుడు నా దగ్గరున్నటువంటిదే కొనుక్కున్నారు.

నా దగ్గరున్నది ఒప్పో కంపెనీ డీవీ-983హెచ్. కంపెనీ ఆఫీసు మా పక్క ఊరు మౌంటెన్ వ్యూలోనే ఉంది. ఈ ఏడాదే వచ్చింది, ధర 399 డాలర్లు, అంటే పదిహేడు వేల లోపు. అతుకు పనికి ఇందులో యాంకర్ బే వారి చిప్పులు ఉన్నాయి. దీన్ని డాక్టరు గారి ఇంటికి మోసుకెళ్లి అదే తెర మీద 5910 పక్కన పెట్టాం. జెండా పరీక్షలో రెండూ నిలిచాయి. హాలీవుడ్ డిస్కులో, చీకటి దృశ్యాల్లో, డాక్టరు గారిది ఒక మెట్టు పైన ఉందని ఆయన అన్నారు. నాకూ అలాగే అనిపించింది గానీ, ఏది ఏదో ముందే తెలియకపోతే ఆ మాట అనేవాడినా అన్నది నాకే సందేహం. తెలుగు డిస్కులో మాత్రం ఇద్దరం తేడా పట్టలేకపోయాం. పేరున్న పెద్ద ప్లేయర్ల లోపల ఉన్నది కూడా కొన్ని చిప్పులే కదా, ఆ చిప్పులు మూడేళ్లలో ఎంత చవక అవుతాయో ఆ సాయంత్రం తెలిసింది.

మీ విషయంలో మరో రెండు ఆచరణ చిక్కులు ఉన్నాయి. అమెరికాలో అమ్మే 5910 ఇక్కడి 120 వోల్టులకు తయారైనది; తెనాలిలో 230 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మరు లేకుండా తగిలిస్తే అంతే సంగతులు. తెలిసినవాళ్లు ఒకరు ఇలాంటి పరికరాన్నే గుంటూరులో నేరుగా గోడకు పెట్టి, ఒక్క క్షణంలో కమురు వాసన చూశారు. ఒప్పో వెనక 100 నుంచి 240 వోల్టుల దాకా అని రాసి ఉంది, పైగా పాల్, ఎన్‌టీఎస్‌సీ డిస్కులు రెండింటినీ ఆడించి ఏ టీవీకి కావలసినట్టు దానికి మార్చి ఇస్తుంది. రెండో చిక్కు మీ టీవీ. ఇంకా ఆ 29 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీయే అయితే, ఈ ప్లేయర్లు ఏవి కొన్నా వాటి అసలు పనితనం తెర దాకా చేరదు. తమ్ముడితో ముందు మంచి టీవీ కొనిపించండి.

డీవీడీ తర్వాతి తరం డిస్కుగా బ్లూ-రేతో పోటీ పడిన హెచ్‌డీ డీవీడీని ఫిబ్రవరిలో తోషిబా వారు ఆపేశారు కాబట్టి ఇకమీదట వచ్చేది బ్లూ-రే. అందులో సినిమాను 24 ఫ్రేములుగా ఉన్నదున్నట్టు ఎక్కించవచ్చు. మీరు విన్నారంటే సంతోషిస్తారు. ఇక్కడి దుకాణాల్లో నాకు ఇంకా ఒక్క తెలుగు సినిమా కూడా అందులో కనిపించలేదు. అది వచ్చే ముందు పాత పద్ధతి మీద లక్షన్నర పెట్టడం నాకు మనస్కరించడం లేదు.

పిన్ని అడిగిన ప్రశ్నకు కూడా జవాబు దొరికింది. హాల్లో విన్న పాట డీవీడీలో తన హార్మోనియం శ్రుతికి కలవడం లేదనీ, కొంచెం పైకి పలుకుతోందనీ ఆవిడ అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. పాల్ పద్ధతిలో 24 ఫ్రేముల సినిమాను 25 చొప్పున పరుగెత్తిస్తారు. అందువల్ల రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోతుంది, శ్రుతి ఒక స్వరస్థానంలో మూడింట రెండు వంతులకు పైగా పెరుగుతుంది. ప్లేయరు ఎంత ఖరీదైనదైనా ఈ వేగాన్ని వెనక్కి తేలేదు. మీరందరూ నవ్వారు గానీ, చెవి ఆవిడది.

డాక్టరు గారి తోడల్లుడు జూలై మొదటి వారంలో గుంటూరు వస్తున్నారు. మీరు సరేనంటే ఒక 983హెచ్ కొని ఆయన చేతికి ఇచ్చి పంపుతాను, పెట్టెలో చీరల మధ్య పట్టేస్తుంది. డబ్బు సంగతి తమ్ముడూ నేనూ చూసుకుంటాం. ఈలోగా మీరు టీవీ వెనక ఉన్న సాకెట్ల పక్కన ఏమేమి అక్షరాలు ఉన్నాయో ఒక కాగితం మీద రాసి పంపండి. పిన్నిని ఆ పాట ఉన్న డిస్కు అట్ట వెనక పాల్ అని ఉందో, ఎన్‌టీఎస్‌సీ అని ఉందో చూడమనండి. ఎన్‌టీఎస్‌సీ అని ఉండి కూడా శ్రుతి పైకి పలుకుతుంటే, అది పాల్ టేపు నుంచి మార్చినదన్నమాట.

పిన్నికి నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ అబ్బాయి