సీసీలను కాదు, పొగనూ మోతనూ కొలవండి: కేంద్ర రవాణా మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కార్ల పొగకూ చప్పుడుకూ ఉన్న పరిమితులను సడలించమని అడగడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. స్పోర్ట్స్ కార్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. అయినా హైదరాబాదు గాలినే పీలుస్తూ, అర్ధరాత్రి సైలెన్సర్ల మోతకు పసిపిల్లలు ఉలిక్కిపడి లేచే వీధుల్లోనే ఉంటున్నాను కాబట్టి ఆ పరిమితులు గట్టిగానే ఉండాలని కోరుకుంటాను. ఆ పరిమితిని దేని మీద పెడుతున్నామో తమరు మరొక్కసారి ఆలోచించాలన్నదే నా విన్నపం.

2015 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశ రాజధాని ప్రాంతంలో 2000 సీసీ, అంతకు మించిన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్‌ను నిలిపివేసింది. సీసీ అంటే ఇంజిన్ సిలిండర్ల ఘనపరిమాణం; వెయ్యి సీసీలు ఒక లీటరు. కొద్ది వారాల్లోనే మహీంద్రా సంస్థ స్కార్పియో, ఎక్స్‌యూవీ500 కార్లకు 2.2 లీటర్ల ఇంజిన్ బదులు 1.99 లీటర్ల ఇంజిన్ అమర్చి అక్కడి మార్కెట్‌లోకి తెచ్చింది. అది ఆంక్షకు లోబడి చేసిన పనే, తప్పుపట్టడానికి లేదు. అయితే మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎంత తగ్గాలో ఆ ఆంక్ష చెప్పలేదు. సీసీ ఎంత ఉండాలో మాత్రమే చెప్పింది, కనుక కంపెనీలు తగ్గించింది కూడా సీసీనే. మరుసటి ఆగస్టులో ఒక శాతం పర్యావరణ రుసుము విధించి ఆ నిషేధాన్ని ఎత్తివేశారు.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ 2024లో వచ్చిన పోర్షె 911 కరేరా జీటీఎస్. టర్బో పెట్రోల్ ఇంజిన్‌ను పూర్తి బలంతో నడిపేటప్పుడు, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడికి దెబ్బతినకుండా అవసరానికి మించిన పెట్రోలును సిలిండర్లలోకి పంపి చల్లబరచడం ఇంజినీర్లు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న పద్ధతి. ఆ అదనపు పెట్రోలు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అమాంతం పెరిగిపోతుంది. యూరప్ కార్ల పొగకు పెట్టిన యూరో 7 ప్రమాణాలను దృష్టిలో పెట్టుకున్న పోర్షె ఇంజినీర్లు, ఎంత వేగంలోనైనా గాలీ పెట్రోలూ సరైన పాళ్లలోనే కలిసేలా ఇంజిన్‌ను కొత్తగా రూపొందించారు. దానివల్ల తగ్గే బలాన్ని పూడ్చడానికి సామర్థ్యాన్ని 3 లీటర్ల నుంచి 3.6 లీటర్లకు పెంచి, విద్యుత్ మోటారుతో తిరిగే టర్బోను జత చేశారు. పాత జీటీఎస్ 480 హార్స్‌పవర్ ఇస్తే కొత్తది విద్యుత్ మోటారు సాయాన్ని కూడా కలుపుకుని 541 ఇస్తుంది. ప్రమాణం కఠినమైనప్పుడు ఇంజిన్ పెద్దదైంది! కొలత పొగ మీద ఉంటే దారిని ఇంజినీరే వెతుక్కుంటాడనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అలాగని యూరప్ చేసిందంతా మనకు ఆదర్శం కాదు. మెర్సిడెస్-ఏఎంజీ సీ63లో నాలుగు లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ స్థానంలో రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, బ్యాటరీ, మోటారు వచ్చాయి. కారు బరువు రెండు టన్నులు దాటింది. ఇలా ఇంజిన్‌తో పాటు బయటి కరెంటుతో చార్జ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్, ప్రయోగశాల లెక్కకు సగటున మూడున్నర రెట్లు ఉందని యూరోపియన్ కమిషనే 2024లో ప్రకటించింది. ఒక్కో కంపెనీ అమ్మే కార్ల సగటు ఇంధన వినియోగానికి పరిమితి పెట్టే మన కేఫ్ నిబంధనల్లో, ఆ సగటు లెక్కకు అలాంటి ఒక్కో కారును రెండున్నర కార్లుగా లెక్కగట్టే వెసులుబాటు ఇచ్చాం. తరువాతి దశలోనైనా ఈ వెసులుబాటును రోడ్డు మీద నమోదైన ఇంధన వినియోగంతో ముడిపెట్టాలని కోరుతున్నాను.

చప్పుడు విషయం మరీ ముఖ్యం. కారు 50 కిలోమీటర్ల వేగంతో పరీక్షా మార్గంలోకి వచ్చి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, ఏడున్నర మీటర్ల దూరంలోని మైకు ఎన్ని డెసిబెల్స్ చూపుతుందన్నదే పాత పరీక్ష. మన దేశంలో 2005లో కార్లకు ఆ పరిమితిని 74గా నిర్ణయించారు. ఎగ్జాస్ట్ గొట్టంలోని కవాటం పరీక్ష జరిగే వేగంలో మూసుకుని ఉండి, దాన్ని దాటగానే తెరుచుకునేలా చేస్తే పరీక్షలో నెగ్గిన కారే వీధిలో గర్జిస్తుంది. ఈ లొసుగును గుర్తించే ఐక్యరాజ్యసమితి 51వ నిబంధన మూడో సవరణలో ఇతర వేగాల్లో, ఇతర గేర్లలో కూడా చప్పుడును కొలిచే అదనపు పరీక్షను చేర్చారు. బరువుతో పోలిస్తే శక్తి చాలా ఎక్కువగా, డ్రైవర్ సీటు తక్కువ ఎత్తులో ఉండే కార్లకు యూరప్‌లో పరిమితి 75 నుంచి 74కు, అక్కడి నుంచి 72కు దిగుతోంది. అంకెలను తగ్గించడం కన్నా ముందు, స్పోర్ట్ మోడ్ సహా అన్ని డ్రైవింగ్ మోడ్లలోనూ ఆ అదనపు పరీక్షను ఇక్కడ కచ్చితంగా అమలు చేయించండి. మా వీధులకు వెంటనే ఊరట ఇచ్చేది అదే.

ఇక పెట్రోల్ కార్ల కాలుష్య ధ్రువపత్రం పరీక్ష. నిలబెట్టిన కారు పొగగొట్టంలో గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్‌నూ హైడ్రోకార్బన్లనూ చూస్తారు. సూక్ష్మ ధూళి కణాలను లెక్కించరు. ఆ కణాలను పట్టి ఆపడానికి కంపెనీ అమర్చిన పార్టిక్యులేట్ ఫిల్టర్‌ను మోత కోసం షెడ్డులో ఊడదీసినా ఈ పరీక్షకు తెలియదు. నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీ దేశాలు డీజిల్ కార్లకు కణాల లెక్కింపును ఇప్పటికే తనిఖీల్లో చేర్చాయి. మన దేశపు బీఎస్6 కాలుష్య ప్రమాణాల కింద తయారైన డీజిల్ కార్లతో పాటు ఫిల్టర్ ఉన్న ప్రతి పెట్రోల్ కారుకూ తగిన లెక్కింపు పరీక్షను మన తనిఖీ కేంద్రాల్లో ప్రవేశపెట్టాలనీ, ఫిల్టర్‌ను తొలగించిన షెడ్డు యజమానిని కూడా కారు యజమానితో సమానంగా బాధ్యుణ్ణి చేయాలనీ తమరిని సవినయంగా కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాదుకు చెందిన ఒక కార్ల అభిమాని