పచ్చ టిక్కు పెట్టి ‘సురక్షితం’ అన్న మీ యాప్‌పై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. రెండేళ్లుగా మీ మొబైల్ యాంటీవైరస్‌కు చందా కడుతున్నాను. ఊళ్లో ఉన్న మా నాన్నగారి ఫోన్లోనూ నేనే వేశాను.

పోయిన నెల 14న ఆయనకు వాట్సాప్‌లో ‘ఆర్టీఓ ఈ-చలాన్’ పేరుతో ఒక ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వచ్చింది. బండి మీద నిజంగానే పాత చలానా ఒకటి ఉండటంతో నొక్కేశారు. మీ యాప్ స్కాన్ చేసి ‘పూర్తిగా సురక్షితం’ అంటూ పచ్చ టిక్కు పెట్టింది. అది చూశాకే ఇన్‌స్టాల్ చేశానని ఆయన ఇప్పటికీ అంటున్నారు. రాత్రికల్లా ఖాతాలోంచి రూ.48,500 పోయాయి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. డబ్బు సంగతి బ్యాంకుతో తేల్చుకుంటాం. మీతో నా పేచీ వేరు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను. ఆ ఫైల్‌ని పాత ల్యాప్‌టాప్‌లో యాప్‌లోని కోడ్‌ను చదవనిచ్చే జాడెక్స్ అనే పనిముట్టుతో విప్పి చూశాను. పైన ఉన్నది ఉత్త డొల్ల. ఎస్సెమ్మెస్ అనుమతి ఊసే లేదు; వేరే యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి మాత్రం అడుగుతోంది. అసలు దొంగ, అంటే ఇంకో ఏపీకే, లోపలి అసెట్స్ ఫోల్డర్‌లో ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ అయి కూర్చున్నాడు. యాప్ తెరవగానే ‘అప్‌డేట్ చేయండి’ అంటుంది, నొక్కితే లోపలి ఏపీకే దిగుతుంది. దానికి ఐకాన్ ఉండదు. వచ్చిన ప్రతి మెసేజ్‌నీ, ఓటీపీతో సహా, ఒక టెలిగ్రామ్ బాట్‌కి (ప్రోగ్రామ్ నడిపే ఖాతాకి) చేరవేస్తుంది. ఆ బాట్‌కు తాళంచెవి లాంటి టోకెన్ కోడ్‌లో బాహాటంగానే ఉంది, దాచే ఓపిక కూడా లేదు వాళ్లకి.

మొదటిసారి మీ స్కానర్ పట్టుకోలేదంటే అర్థం చేసుకోగలను. ఇలా లోపల ఇంకో యాప్‌ను దాచుకొచ్చే డ్రాపర్లు పైపైన చదివితే దొరకవు, నడిపించి చూడాలి. అందుకే 16న ఆ ఫైల్‌ని ఈ రంగంలో అలవాటున్నట్టే జిప్ చేసి, ‘ఇన్ఫెక్టెడ్’ అన్న పాస్‌వర్డ్ పెట్టి, నేను చూసిందంతా రాసి మీ ల్యాబ్‌కు మెయిల్ చేశాను. పదకొండు నిమిషాల్లో జవాబు: ‘మీ అటాచ్‌మెంట్‌లో ముప్పేమీ లేదు.’ జిప్ తెరిచారా అసలు? తాళం వేసిన గదిని వాకిట్లోంచి చూసి దొంగ లేడన్నట్టుంది. మళ్లీ రెండుసార్లు రాస్తే అదే వాక్యం.

ఆ నమూనాను ఒక మనిషి సాండ్‌బాక్స్‌లో (బయటికి హాని చేరకుండా వేరుచేసిన చోట) నడిపించి చూసి, ఏం తేలిందో నాకు రాయాలి. లోపలికి చూడలేని ఫైల్‌కు ‘సురక్షితం’ అని కాక ‘పూర్తిగా చూడలేకపోయాం’ అని చూపాలి. ఆ ముక్క కనిపించి ఉంటే నాన్నగారు నాకు ఫోన్ చేసేవారు. చందా రూ.899 గురించి తర్వాత మాట్లాడదాం.

15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఈ ఉదయం కూడా అదే ఫైల్‌కి మీ యాప్ పచ్చ టిక్కే పెట్టింది. స్క్రీన్‌షాట్ జత చేస్తున్నాను.

ఇట్లు,
మీ చందాదారుడు