21 నిమిషాల్లో ఇల్లు చేరే పిల్లలెవరు?

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల లేఖను నా పొరపాటు ఒకటి చెప్పి మొదలుపెడతాను. ఏడో తరగతి పిల్లలకు బడి వదిలాక ముప్పావు గంట సేపు గణిత సంఘం నడపాలని ఈ విద్యా సంవత్సరం మొదట్లో నిర్ణయించాను. అంతకుముందు, ఇంటికి చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఒక్కొక్కరినీ అడిగి రాయించాను. తరగతిలో 30 మంది. సగటు కడితే 21 నిమిషాలు వచ్చింది. ముప్పావు గంటకు మరో 21 నిమిషాలు కలిపినా చీకటి పడకముందే అందరూ ఇల్లు చేరతారనుకుని ఉత్తర్వు మీద సంతకం పెట్టాను. రెండు వారాలు తిరిగేసరికి పదిమంది రావడం మానేశారు. వాళ్లకు లెక్కల మీద ఆసక్తి లేదనుకున్నాను. ఒకరిద్దరి తల్లిదండ్రులతో ఆ మాట అన్నాను కూడా. వారిని ఇంతకుముందే కలిసి క్షమించమని అడిగాను, ఇక్కడ మళ్లీ అడుగుతున్నాను.

తరవాత ఏడో తరగతిలో దత్తాంశ నిర్వహణ (అంకెలను సేకరించి, అమర్చి, చిత్రంగా చూపడం) పాఠం మొదలైంది. లెక్కల మాస్టారు పుస్తకంలోని అంకెలను పక్కన పెట్టి, నేను రాయించిన ఆ కాగితాన్నే పిల్లల చేతికిచ్చారు. ఒక అమ్మాయి గళ్ల కాగితం మీద అయిదేసి నిమిషాల తరగతులు (అంతరాలు) తీసుకుని సోపానచిత్రం (హిస్టోగ్రామ్) గీసింది. 5 నుంచి 10 నిమిషాల మధ్య ఆరుగురు, 10 నుంచి 15 మధ్య తొమ్మిది మంది, 15 నుంచి 20 మధ్య అయిదుగురు. ఆ తరవాత మూడు గళ్లు ఖాళీ. మళ్లీ 35 నుంచి 40 మధ్య ఆరుగురు, 40 నుంచి 45 మధ్య నలుగురు. గీయడం అయ్యాక పెన్సిల్ ఆ ఖాళీ మీద పెట్టి, "ఇక్కడ ఎవరూ లేరు మాస్టారూ, నేను ఎవరినైనా మరిచిపోయానా?" అని అడిగింది. మాస్టారు గణన చిహ్నాలు మళ్లీ లెక్కపెట్టించారు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా, అలా 30 సరిగ్గానే తేలాయి. ఎవరినీ మరిచిపోలేదు. సగటు 21 నిమిషాలైన ఆ తరగతిలో, 21 నిమిషాల్లో ఇల్లు చేరే పిల్లలు ఒక్కరు కూడా లేరు.

ఆ కాగితాన్ని మాస్టారు నా గదికి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఏమీ మాట్లాడలేదు. మాట్లాడవలసిన అవసరమూ లేకపోయింది. మానేసిన పదిమందీ కుడిచివర ఉన్న ఆ రెండు కమ్మీల్లోని (నిలువు పట్టీల్లోని) పిల్లలే. వాళ్లు ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. వాళ్లకు లేనిది ఆసక్తి కాదు, సమయం. దాన్ని నా సగటు దాచేసింది, ఆ అమ్మాయి గీసిన బొమ్మ బయటపెట్టింది.

ఇందులో మీరు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. అదే తరగతిలో ఒక అబ్బాయి అవే అంకెలను ఇరవయ్యేసి నిమిషాల తరగతులుగా విడగొట్టాడు. 5 నుంచి 25 వరకు ఇరవై మంది, 25 నుంచి 45 వరకు పదిమంది. రెండు కమ్మీలు పక్కపక్కన అంటుకుని నిలబడ్డాయి. ఖాళీ మాయమైపోయింది. అతని లెక్కలో తప్పు లేదు, గీతలోనూ తప్పు లేదు. మాస్టారు రెండు కాగితాలనూ పక్కపక్కన పట్టుకుని, "రెండూ సరైనవే. మనం అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేది ఏది?" అని అడిగారు. ఆ పీరియడంతా ఆ చర్చతోనే గడిచిందట. పాఠ్య ప్రణాళికలో ఒక రోజు వెనకబడ్డాం. అందుకు నాకేమీ విచారం లేదు. ఏడాదంతా మేం ఈ పాఠంలో నేర్పదలచుకున్నది ఆ ఒక్క ప్రశ్ననే. గ్రాఫు అనేది బొమ్మల పుస్తకంలో రంగులు నింపడం లాంటిది కాదు. అది ఒక ప్రశ్నకు ఇచ్చే జవాబు.

మన బడిలో ఆరో తరగతి పిల్లలు పటచిత్రాలతోనూ (సంఖ్యలను బొమ్మలతో చూపేవి) కమ్మీ చిత్రాలతోనూ మొదలుపెడతారు. ఏడో తరగతికి వచ్చేసరికి జంట కమ్మీలు, సగటు, మధ్యగతం (వరుసలో మధ్యన నిలిచే విలువ), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చే విలువ) వస్తాయి. సోపానచిత్రం పరిచయం అక్కడే చేస్తాం, ఎనిమిదిలో లోతుగా చెబుతాం. కమ్మీల మధ్య ఖాళీ ఎందుకు వదలాలి, సోపానచిత్రంలో ఎందుకు వదలకూడదు అని మీ పిల్లలను అడిగి చూడండి. ఆటల పేర్లు, రంగుల పేర్లు వేటికవి విడి, కాబట్టి వాటి కమ్మీలూ విడిగా నిలబడతాయి. నిమిషాలు, సెంటీమీటర్లు ఒకదాని తరవాత ఒకటి తెగకుండా సాగుతాయి, కాబట్టి అక్కడ కమ్మీలు ఆనుకుంటాయి. అందుకే ఆ అమ్మాయి కాగితంలోని ఖాళీకి అర్థం వచ్చింది. అది అలంకారం కోసం వదిలిన జాగా అయి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కారు.

గ్రంథాలయం బయట గోడ మీద జరిగిన సంగతి కూడా చెప్పాలి. ఒక నెలలో ఏడో తరగతి ఒక సెక్షన్ వాళ్లు 46 పుస్తకాలు, మరో సెక్షన్ వాళ్లు 52 పుస్తకాలు తీసుకెళ్లారు. రెండో సెక్షన్ పిల్లలు ఉత్సాహంగా కమ్మీ చిత్రం గీసి అంటించారు. నిలువు అక్షం 44 దగ్గర మొదలైంది. దాంతో ఒక కమ్మీ రెండు గళ్ల ఎత్తు, పక్కది ఎనిమిది గళ్ల ఎత్తు అయ్యాయి. దూరం నుంచి చూసినవాళ్లకు ఒక సెక్షన్ నాలుగింతలు చదివినట్టు కనిపించింది. నిజానికి తేడా ఆరు పుస్తకాలే. మొదటి సెక్షన్ పిల్లలు గొడవకు దిగారు. వాళ్లను ఆపకుండా, మీకు అన్యాయం ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించండి అన్నాం. పావుగంట వెతికి, అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయని ఒప్పుకుని, చివరికి అక్షం అడుగున ఉన్న 44ను పట్టుకున్నారు. అదే చిత్రాన్ని సున్నా నుంచి గీసి పక్కనే అంటించారు. ఇప్పుడు రెండూ అక్కడే ఉన్నాయి, వచ్చినప్పుడు చూడండి.

అలాగని ఏ గ్రాఫయినా సున్నా నుంచే మొదలవ్వాలని పిల్లలు బట్టీ పట్టకూడదు. జ్వరం చార్టును సున్నా నుంచి గీస్తే 37 డిగ్రీల సెల్సియస్‌కూ 39 డిగ్రీలకూ తేడా కంటికి ఆనదు. కానీ ఆ రెండు డిగ్రీల తేడా చూడటానికే ఆ చార్టు ఉన్నది. కమ్మీ చిత్రంలో సంఖ్యను చెప్పేది కమ్మీ పొడవు, దాన్ని అడుగున కోసేస్తే అబద్ధమవుతుంది. రేఖాచిత్రంలో (లైన్ గ్రాఫులో) మనం చూసేది గీత ఎక్కిందా దిగిందా అని, కాబట్టి అక్కడ అక్షాన్ని కావలసిన చోట మొదలుపెట్టవచ్చు. కారణం తెలిసిన పిల్లలకు సూత్రం కంఠస్థం చేయవలసిన పని ఉండదు.

పటచిత్రంలోనూ ఇలాంటి ఉచ్చు ఒకటి ఉంది. రెట్టింపు సంఖ్యను చూపించాలని పిల్లలు బొమ్మను రెట్టింపు ఎత్తు, రెట్టింపు వెడల్పు చేస్తారు. వైశాల్యం నాలుగింతలైపోతుంది, కన్ను దాన్నే నమ్ముతుంది. అందుకే ఒకే కొలత బొమ్మలను రెండు సార్లు వేయమంటాం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో ప్రచురించిన ప్రసిద్ధ చిత్రాన్ని ఈ సందర్భంలోనే పిల్లలకు చూపిస్తున్నాం. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికుల్లో గాయాలతో పోయినవారికంటే నివారించదగిన రోగాలతో పోయినవారే చాలా ఎక్కువని, నెలనెలా ఒక్కో ముక్క వైశాల్యంతో ఆమె చూపించారు. రాజకీయ నాయకుల ముందు పట్టికలు పరిచే కంటే అది గట్టిగా పనిచేసింది.

వృత్తరేఖాచిత్రం (పై చార్టు) గురించి తల్లిదండ్రులు తరచు అడుగుతారు, చూడటానికి అందంగా ఉంటుంది కాబట్టి. మా తరగతిలో 30 మంది ఉంటే 360 డిగ్రీలను 30తో భాగించి ఒక్కొక్కరికి 12 డిగ్రీలు అని పిల్లలు కోణమానినితో గీస్తారు. భిన్నాలు, శాతాలు, కోణాలు ఒకే చోట కలిసే మంచి అభ్యాసం అది. అయితే రెండు ముక్కలు ఇంచుమించు సమానంగా ఉంటే ఏది పెద్దదో కన్ను చెప్పలేదు. ఒకే అడుగుగీత మీద నిలబడిన పొడవులను పోల్చడం మనిషికి సులువు, కోణాలను పోల్చడం కష్టం. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ప్రయోగాలు చేసి చూపించారు. మొత్తంలో ఎవరి వాటా ఎంత అన్నది ప్రశ్న అయితేనే వృత్తం గీయమని పిల్లలకు చెబుతున్నాం.

ఈ చిత్రాల వెనక ఉన్న మనిషి కథ కూడా పిల్లలకు నచ్చింది. స్కాట్లండుకు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో ఇంగ్లండు వాణిజ్యాన్ని ఏళ్ల తరబడి సాగే గీతలుగా గీసి పుస్తకం వేశాడు. స్కాట్లండు వాణిజ్యం దగ్గరకు వచ్చేసరికి అతని దగ్గర ఒకే ఏడాది లెక్కలున్నాయి. ఒక్క ఏడాదితో గీత ఎలా సాగుతుంది? అందుకని ఒక్కో దేశానికి దిగుమతులకు ఒకటి, ఎగుమతులకు ఒకటి చొప్పున కమ్మీలు వేశాడు. కమ్మీ చిత్రం అలా పుట్టింది. చేతిలో ఉన్న దత్తాంశమే దాని రూపాన్ని నిర్ణయించింది. వృత్తరేఖాచిత్రాన్ని ప్రచురించిందీ అతనే, 1801లో.

ఎనిమిదో తరగతివారికి ఈసారి గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో తయారుచేసిన నాలుగు పట్టికలు ఇచ్చాం. ఒక్కోదానిలో 11 జతల సంఖ్యలు. నాలుగింటిలోనూ మొదటి వరుస సగటు 9, రెండో వరుస సగటు దాదాపు 7.5. లెక్క కట్టిన పిల్లలు నాలుగూ ఒకటేనని తేల్చేశారు. గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టాక తరగతిలో కలకలం మొదలైంది. ఒకటి గీత వెంట చెదిరిన చుక్కలు, ఒకటి చక్కని వంపు, ఒకటి సరళరేఖే కాని ఒక చుక్క దారి తప్పింది, ఒకదానిలో చుక్కలన్నీ ఒకే నిలువున నిలబడి ఒక్కటి మాత్రం దూరంగా ఉంది. ఆ రోజు నేనూ వెనక బెంచీ మీద కూర్చుని నాలుగూ గీశాను.

మార్కుల్లో ఒక మార్పు చేశాం. గ్రాఫుకు ఇచ్చే పది మార్కుల్లో ఇంతవరకు శుభ్రతకే సగం పోయేవి. ఇకపై శుభ్రతకు రెండు. ఈ రకమే ఎందుకు ఎంచుకున్నారో రాసినందుకు మూడు, స్కేలుకూ అక్షాల పేర్లకూ మూడు, చిత్రం కింద రాసే ఒక్క నిజమైన వాక్యానికి రెండు. కంప్యూటర్ మీద గ్రాఫులు ఎనిమిదో తరగతి రెండో టర్మ్‌లోనే మొదలుపెడతాం. అది ముందే నేర్పమని కొందరు కోరారు. నేను ఒప్పుకోలేదు. అక్షాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో కంప్యూటర్ తనంతట తానే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం సొంతంగా నాలుగుసార్లు తీసుకున్న పిల్లలే దాన్ని ప్రశ్నించగలరు.

మీకు నా విన్నపం చిన్నది. పిల్లలు గ్రాఫు తెచ్చి చూపించినప్పుడు రంగులు బాగున్నాయనే ముందు, "ఇది ఏ ప్రశ్నకు జవాబు?" అని అడగండి. అక్షం ఎక్కడ మొదలైందో చూపించమనండి. వార్తాపత్రికలో, టీవీలో గ్రాఫు కనిపిస్తే వాళ్లను పిలిచి చూపించండి. వాళ్లు తప్పు పట్టుకుంటే విసుక్కోకండి.

ఈ నెల చివరి శనివారం ఉదయం గణిత ప్రదర్శన ఉంది. ప్రతి చిత్రం పక్కన గీసిన పిల్లలే నిలబడి మీ ప్రశ్నలకు జవాబు చెబుతారు. గణిత సంఘాన్ని బుధవారం చివరి పీరియడ్‌లోకి మార్చాం, ఇక ఎవరూ బడి వదిలాక ఆగనక్కర్లేదు. మానేసిన పదిమందిలో ఎనిమిది మంది మొదటి బుధవారమే వచ్చారు. మీరు ఇల్లు మారినా, పిల్లలు వచ్చే బస్సు మారినా తరగతి ఉపాధ్యాయులకు ఒక మాట చెప్పండి. ఆ నిమిషాల పట్టికను ప్రతి టర్మ్‌లోనూ పిల్లల చేత కొత్తగా గీయిస్తున్నాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు