ఆ ఒక్క గంట కోసం

హనుమకొండ,
జూలై 6

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మకు మోకాలి నొప్పి తగ్గిందని చదివాక మనసు కుదుటపడింది. "సాయంత్రం సైన్సు తరగతి నడుస్తోందా, ఆగిపోయిందా?" అని ఒక్క ముక్కలో అడిగావు. జవాబు మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు. తీరిగ్గా కూర్చుని చదువు. చివర్లో నీకొక పని కూడా అప్పగించబోతున్నాను.

నడుస్తోంది. వారానికి మూడు రోజులు, నాలుగుంపావుకు బడి విడిచాక, మా ఇంటి దగ్గరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో. నిరుడు మొదటి రోజు 26 మంది వచ్చారు. అందులో అమ్మాయిలు 14 మంది. నా సంతోషం ఇంతా అంతా కాదు. నెల తిరిగేసరికి ఆ 14 మందిలో ఐదుగురే మిగిలారు. అబ్బాయిల్లో ఒక్కడూ తగ్గలేదు.

పాఠం బరువైందేమో, భయపడ్డారేమో అనుకున్నాను. కానీ మానేసిన వాళ్ళలో ఒక పిల్ల అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వేసేది. ఉండబట్టలేక ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన నాలుగేళ్ళ తమ్ముడు మట్టిలో ఆడుతున్నాడు. తునికాకును కొలత ప్రకారం కత్తిరించడం, పొగాకు పోసి చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, ఇవన్నీ వేళ్ళు వాటంతట అవే చేసుకుపోతున్నాయి. కళ్ళు మాత్రం నా సంచీ మీద ఉన్నాయి, ఈ రోజు అందులో ఏం తెచ్చానో అని.

వాళ్ళమ్మ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి చెప్పింది: "చదువు వద్దని కాదు సార్. నల్లా వచ్చేది ఆ వేళకే. చిన్నవాణ్ణి చూసుకోవాల్సింది ఆ వేళకే. పొద్దు గూకాక ఒక్కతే నడిచి రావాలంటే నాకు గుండె దడ ఆగదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాలుగుంపావు నుంచి ఐదుంపావు దాకా ఉన్న గంట మగపిల్లవాడికి సొంతం. ఆడుకుంటాడో, చదువుకుంటాడో, మా దగ్గరికి వస్తాడో వాడి ఇష్టం. ఆడపిల్లకు ఆ గంట ఇంటి పనుల్లో ముందే రాసిపెట్టి ఉంటుంది. "ఆడపిల్లలకు సైన్సు మీద ఆసక్తి తక్కువ" అని ఎవరైనా నా ముందు అంటే ఇప్పుడు ఊరుకోవడం లేదు. ముందు ఆ గంట వాళ్ళకు దక్కనివ్వండి, ఆసక్తి సంగతి తర్వాత మాట్లాడుకుందాం అంటున్నాను.

అక్కడి నుంచి మా పని పాఠం చెప్పడం కంటే ఆ గంటను సంపాదించడమే అయింది. తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ వెంట తెచ్చుకోవచ్చన్నాం. గది మూలన చాప పరిచి, రంగు పెన్సిళ్ళు, పాత క్యాలెండర్లు పెట్టాం. ఇళ్ళకు ఏ దారిన వెళ్ళేవాళ్ళను ఆ దారిన జట్టు కట్టించాం. డిసెంబరులో ఇక్కడ ఐదూ నలభైకే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి దసరా తర్వాత తరగతిని పొద్దున బడి గంటకు ముందుకు మార్చాం. తండా నుంచి వచ్చే ముగ్గురి సంగతి మాత్రం ఒక పట్టాన తెమలలేదు. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు ఖర్చు లేదు, నిజంగా అది పెద్ద ఆసరా. కానీ ఆ పిల్లలకు కావలసిన వేళకు ఆ దారిలో బస్సు లేదు. చివరికి వాళ్ళలో ఒకరి పెదనాన్న తన ఆటోలో దింపుతానన్నాడు. అలా ఐదుగురు మళ్ళీ 17 మంది అయ్యారు. బీడీలు చుట్టే పిల్ల కూడా తమ్ముణ్ణి చంకనెత్తుకుని వచ్చింది.

ఇప్పుడు మోటారు కథ చెప్పాలి. ఇది నీకు రాయాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను.

ఒక బ్యాటరీ సెల్లు, దాని రెండు కొనలకు రబ్బరు బ్యాండుతో బిగించిన రెండు పిన్నీసులు, సెల్లు మీద ఒక అయస్కాంతం, పిన్నీసుల రంధ్రాల్లో ఆనేలా ఒక రాగి తీగ చుట్ట. అంతే మోటారు. ఒక్కోదానికి 40 రూపాయలు దాటలేదు. తీగ కోసం పిల్లల్ని మోటారు వైండింగ్ షాపుకు తీసుకువెళ్ళాను. తండా పిల్ల ఆ తీగ చూడగానే అంది: "మా బావి మోటారు కాలిపోయినప్పుడు నాన్న డబ్బు కట్టింది ఈ తీగకేనా సార్?" ఇదేనన్నాను. ఆ రోజంతా ఆ పిల్ల తీగను చేతిలోంచి వదల్లేదు.

మర్నాడు ఎనిమిది మోటార్లు చేశారు. ఒక్కటీ తిరగలేదు. రాగి మీద కరెంటును పోనివ్వని పూత ఉంటుంది కదా, దాన్ని గీకలేదు. గీకాక చుట్టలు అటూ ఇటూ ఊగి ఆగిపోయాయి. అప్పుడు చెప్పాను: ఒక కొసను చుట్టూ గీకండి, రెండో కొసను ఒక వైపు సగమే గీకండి అని. ఎందుకో చెప్పలేదు.

బీడీలు చుట్టే పిల్ల కొత్త తీగ తీసుకుని కత్తెర మొనతో సగం పూత ఎంత సాపుగా తీసిందంటే, నా చేతికి ఎన్నడూ అలా రాలేదు. తునికాకు మీద ఆరితేరిన చెయ్యి అది. చుట్టను పిన్నీసుల్లో ఉంచి వెంటనే వదల్లేదు. వేలితో మెల్లగా తిప్పుతూ, రాగి ఎక్కడ తగులుతోందో, పూత ఎక్కడ తగులుతోందో చూసింది. రెండు మూడు సార్లు తిప్పింది. తర్వాత తలెత్తి అంది: "సగం తిరిగాక అయస్కాంతం వెనక్కి తోస్తుంది సార్. అప్పుడు కరెంటు ఉండకూడదు. పూత ఉన్న సగం ఊపు మీద దాటిపోవాలి."

మనం డిగ్రీలో ఎన్ని రాత్రులు బట్టీ పట్టిన ముక్క అది! ఆమె వేలు తీసింది, చుట్ట గిర్రున తిరిగింది. చాప మీది తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నా కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

మోటారు తిరగని పిల్లలు ముఖాలు వేలాడేసుకుంటే ఆజాదీశాట్ కథ చెప్పాను. దేశమంతటా 75 ప్రభుత్వ బడుల్లోని 750 మంది ఆడపిల్లలు భాగాలు తయారుచేసిన ఉపగ్రహం అది. 2022 ఆగస్టు 7న రాకెట్టు దాన్ని సరైన కక్ష్యలో నిలపలేకపోయింది, ఉపగ్రహం దక్కలేదు. ఆరు నెలల తర్వాత, 2023 ఫిబ్రవరి 10న, ఆజాదీశాట్-2 కక్ష్య చేరింది. "మధ్యలో ఆ అక్కలు ఏడ్చి ఉంటారా సార్?" అని ఒక పిల్ల అడిగింది. ఏడ్చే ఉంటారు, ఏడ్చి మళ్ళీ కూర్చుని ఉంటారు అన్నాను. అందరూ మళ్ళీ తీగలు అందుకున్నారు.

ఇంతకీ ఆ బీడీల పిల్ల ఇప్పుడు ఏం చేస్తోందో తెలుసా? పొగాకు దుమ్ముకు వాళ్ళమ్మ రాత్రంతా దగ్గుతుంది. చాట అడుగున జాలీ పెట్టి, దాని కింద చిన్న మోటారుతో ఫ్యాను తిప్పి, దుమ్మును కిందికి లాగేలా ఒక బొమ్మ గీసింది. బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఆసరా ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ పథకానికి పంపిస్తున్నాం. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10 వేల రూపాయలు ఇస్తారు. ఎంపిక కాకపోతే ఆ చాట మనమే చేయిద్దాం, నువ్వూ ఒక చెయ్యి వెయ్యాలి.

ఇక దీన్ని నలుగురికీ పంచడం ఎలా అన్నదే నా రంధి. 2016 నుంచి బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు, అంటే పిల్లలు తమ చేత్తో చేసి నేర్చుకునే ప్రయోగశాలలు, వస్తున్నాయి, ఒక్కో బడికి 20 లక్షల దాకా సాయం. మంచి పనిముట్లు, ఎవరు కాదంటారు? కానీ బడి విడిచిన వెంటనే తలుపుకు తాళం పడితే ఆ పనిముట్లు ఎవరికి? మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదులో 1972లో 16 బడులతో మొదలైన సైన్సు బోధన 2002 దాకా, 30 ఏళ్ళు, ఊళ్ళో దొరికే వస్తువులతోనే నడిచింది. సామాను చౌకగా కుదురుతుందని అప్పుడే తేలిపోయింది. కుదర్చవలసింది వేళ, తోడు, దారి.

కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో ఆ చిక్కు లేదు చూడు. పిల్లలు అక్కడే ఉంటారు, సాయంత్రం వాళ్ళ చేతిలోనే ఉంటుంది. నిజామాబాదు జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ గురుకులంలో చదువుతూనే 2014 మే 25న, 13 ఏళ్ళకు, ఎవరెస్టు ఎక్కింది. పర్వతం ఎక్కడానికి తర్ఫీదు ఇచ్చినట్టే ప్రయోగాలకూ ఇవ్వవచ్చు. అందుకే ఈ ఏడు రెండు వసతి బడుల్లో మొదలుపెడుతున్నాం. పాఠం చెప్పేది నేను కాదు, మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు. ఏడో తరగతి పిల్లలు నన్ను అడగని ప్రశ్నలు వాళ్ళను అడుగుతారు, నేను గమనించాను.

నీ పని ఇప్పుడు. ఆగస్టు 1 ప్రాంతంలో మా నడినెత్తి మీదికి సూర్యుడు వస్తాడు. మధ్యాహ్నం 12 గంటల 18 నిమిషాల వేళ నిటారుగా నిలిపిన దేనికీ పక్కన నీడ ఉండదు. నిరుడు భోజన విరామంలో స్టీలు గ్లాసులు, సీసాలు పట్టుకుని అందరం మైదానంలోకి వెళ్ళాం. మబ్బు. నిమిషాలు లెక్కపెడుతూ నిలబడ్డాం. సరిగ్గా ఆ వేళకు మబ్బు పగిలి ఎండ పడింది. "నా నీడ నా చెప్పుల కింద దాక్కుంది!" అని ఒక పిల్ల అరిచింది.

ఈసారి భూమిని కొలవాలని పట్టుబట్టారు. నువ్వు ఆదిలాబాదులో ఉన్నావు, మాకు సుమారు 1.7 డిగ్రీలు ఉత్తరాన. అదే రోజు మీ బడి పిల్లలతో ఒక మీటరు కర్ర నిలబెట్టించు. మీరు కాస్త పడమరకు ఉన్నారు కాబట్టి మీకు మధ్యాహ్నం నాలుగు నిమిషాలు ఆలస్యం, 12 గంటల 22 నిమిషాలకు. నీడ మూడు సెంటీమీటర్ల దగ్గర రావాలి. కర్ర పొడవును, నీడను బట్టి తేలే ఎండ వాలు కోణం, మన రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరం తెలిస్తే భూమి చుట్టుకొలత వచ్చేస్తుంది. "రోడ్డు మీది దూరం వేస్తే తప్పవుతుంది కదా సార్, పటం మీద నిలువుగా కొలవాలి" అని మా తండా పిల్ల ముందే హెచ్చరించింది. మబ్బు పడితే దిగులు వద్దు. ఇద్దరం ఒకే రోజు కొలిస్తే చాలు, ఆ తర్వాతి రోజుల్లో ఎప్పుడు కొలిచినా రెండు కోణాల తేడా అదే.

కర్ర పట్టుకునేది అమ్మాయిలైతే బాగుంటుంది. వాళ్ళ అమ్మల్ని కూడా పిలువు. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి సరిచూడమను. కొలత రాగానే ఫోను చెయ్యి, మా పిల్లలంతా నా చుట్టూ నిలబడి ఉంటారు.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
పాత గది మిత్రుడు